బిడ్డ నిద్రించు వేళ మెలకువగా ఉండేవారు



శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల నుండి తలలో నీరు చేరిన పసివారిని, వెన్ను మీద గడ్డతో పుట్టిన శిశువులను ఎత్తుకొని తల్లులు విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికి వస్తుంటారు. కొందరు రైలెక్కి కాట్పాడిలో దిగి వేలూరు వెళ్తారు. డాక్టర్ జేకబ్ చాందీ 1949లో మన దేశంలో మొదటి మెదడు శస్త్రచికిత్స విభాగాన్ని ఆరంభించింది అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలోనే. ఆపరేషను చేసే డాక్టరెవరని అందరూ అడుగుతారు. మత్తు డాక్టరెవరని అడిగేవారు అరుదు.

మత్తంటే ఒక సూది వేసి వెళ్లిపోవడం కాదు. ఆపరేషను ముగిసేవరకు ఆ డాక్టరు బిడ్డను విడిచి కదలరు. శిశువుకు కిలో బరువుకు సుమారు 80 మిల్లీలీటర్ల రక్తమే ఉంటుంది. అయిదు కిలోల బిడ్డ ఒంట్లో అర లీటరైనా ఉండదు. కాబట్టి కొద్దిపాటి రక్తం పోయినా ప్రమాదమే. పసివారి ఒళ్లు త్వరగా చల్లబడుతుంది గనుక వెచ్చగా ఉంచాలి. శ్వాస చాలకపోతే బొగ్గుపులుసు వాయువు పెరిగి, మెదడు రక్తనాళాలు ఉబ్బి, తలలో ఒత్తిడి హెచ్చుతుంది. వెన్ను ఆపరేషనుకు బిడ్డను బోర్లా పడుకోబెడతారు. అప్పుడు గొంతులోని శ్వాస గొట్టం జారకుండా, కళ్లు నలగకుండా, పొట్ట నొక్కుకోకుండా చూడాలి.

ఒక ఆసుపత్రిలో మేము చూసిన సంగతి ఇది. ఆకలికి ఏడుస్తున్న మనుమరాలికి, ఎవరూ చూడకుండా అమ్మమ్మ పాలు పట్టింది. "బువ్వ కాదు కదమ్మా, గుక్కెడు పాలే" అంది. కూతురు భయపడుతూనే నర్సుతో చెప్పేసింది. ఆ రోజు ఆపరేషను ఆగింది. ఇంటివారు అమ్మమ్మను తిట్టారు. మత్తు డాక్టరు మాత్రం, "చెప్పి మంచి పని చేశావమ్మా" అన్నారు. మత్తులో కడుపులోని పాలు పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. మరునాడు ఆపరేషను జరిగింది.

సాధారణంగా తల్లిపాలు 4 గంటల ముందు, ఇతర పాలు 6 గంటల ముందు ఆపమంటారు. మీ డాక్టరు చెప్పిన వేళనే పాటించండి. జలుబు, దగ్గు, జ్వరం, మూర్ఛ, వాడుతున్న మందులు, ఇంట్లో ఎవరికైనా మత్తు పడకపోవడం, ఏదీ దాచవద్దు.

ప్రార్థించండి. ప్రార్థించి లేచి, ఉన్నది ఉన్నట్టు మత్తు డాక్టరుతో చెప్పండి. ఆయన కాపలాకు అదే మీరు చేయగల సాయం.