కోట: పిసినారి నుంచి మంత్రిదాకా

కోడిని దూలానికి వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే లక్ష్మీపతిని తెలుగువాళ్లు మరిచిపోలేరు. జంధ్యాల తీసిన ‘అహ నా పెళ్లంట’ (1987)లో కోట శ్రీనివాసరావు ఆ పిసినారి పాత్రను నవ్వించాలన్న తాపత్రయం లేకుండా చేశారు. పొదుపే పరమధర్మమని నమ్మిన మనిషిలా ముఖం బిగించి కూర్చున్నారు. చూసేవాళ్లకు పొట్ట చెక్కలైంది అందుకే!

కృష్ణా జిల్లా కంకిపాడులో 1942లో పుట్టిన కోటకు నాటకాలంటే ప్రాణం. స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూనే రంగస్థలం మీద నటించారు. 1978లో ‘ప్రాణం ఖరీదు’తో వెండితెరకొచ్చారు.

‘ప్రతిఘటన’ (1985)లో కాశయ్య పాత్రతో ఆయన దశ తిరిగింది. కృష్ణా తీరంలో పెరిగిన నటుడు తెలంగాణ యాసలో అంత ధీమాగా మాట్లాడటం గొప్ప సాధనే. ‘గణేష్’ (1998)లో అవినీతి మంత్రిగా ఆ యాసకే విషం పూశారు. అదే మనిషి ‘మామగారు’లో బాబూమోహన్‌తో కలిసి హాలంతా నవ్వుల్లో ముంచారు. ‘ఆడవారి మాటలకు అర్థాలే వేరులే’లో ఉద్యోగం లేని కొడుకు కోసం మథనపడే తండ్రయ్యారు. ఆ తండ్రిలోని దిగులు ఆయన విలన్ల కేకలకన్నా లోతుగా తాకుతుంది.

తమిళంలో ‘సామి’, హిందీలో ‘సర్కార్’ కూడా చేశారు. 1999లో విజయవాడ తూర్పు నుంచి బీజేపీ ఎమ్మెల్యేగా గెలిచారు. 2015లో పద్మశ్రీ అందుకున్నారు. 2025 జులై 13న, 83వ పుట్టినరోజు దాటిన మూడు రోజులకే, హైదరాబాద్‌లో కన్నుమూశారు.