గ్రంథములతోఁ గట్టిన కోవెల

కోవెలను ఱాతితోఁ గట్టుదురు, ఇటుకలతోఁ గట్టుదురు. గ్రంథములతోఁ గట్టిన కోవెలను గూర్చి వింటిరా? దానిని గట్టించినది మనవంటి యొక స్త్రీయే. ఆమె పేరు మార్తా మినుహీన్. దక్షిణ అమెరికాయందలి అర్జెంటీనా దేశపు రాజధానియగు బ్యూనస్ ఐరిస్ నగరమున 1943వ సంవత్సరమున జన్మించిరి. రూపముకన్న భావమునకే ప్రాధాన్య మొసఁగు కళాకారిణులలో నీమె ప్రసిద్ధురాలు.

1976 మొదలు 1983 వఱకు ఆ దేశమును సైనికాధికారులు పాలించిరి. తమకు గిట్టని గ్రంథములను నిషేధించిరి. పిల్లల కథలకును ఆ శిక్ష తప్పలేదు. సర్కసులోని యొక యేనుఁగు తోడి జంతువులచే సమ్మె చేయించినట్లు ఎల్సా బోర్నెమాన్ అను రచయిత్రి కథ వ్రాసెను. ఆ పుస్తకమును 1977లో నిషేధించిరి. బిడ్డలకుఁ జెప్పు కథను జూచి ఆయుధధారులు భయపడిరనిన, అక్షరబల మెంతటిదో యూహింపుఁడు!

1983లో ప్రజాపాలనము తిరిగి రాఁగానే మినుహీన్ గారు తమ నగరపు ప్రధానవీధిలో ఇనుప చట్రము నిలిపి, దానికి నిషిద్ధగ్రంథములను వేలకొలఁది కట్టించి, గ్రీసు దేశపు పార్థెనాన్ ఆలయరూపమున మందిరము నిర్మించిరి. ఏథెన్సునందలి ఆ ప్రాచీనాలయము జ్ఞానాధిదేవతయగు ఎథీనాది. ప్రజాపాలనము పుట్టినదియు నా నగరముననే. కావుననే యా రూపము నెన్నుకొనిరి.

2017లో జర్మనీ దేశపు కాసెల్ నగరమున మరల నట్టి మందిరమునే, సుమారు 70 మీటర్ల పొడవునఁ గట్టించిరి. 1933లో నాజీలు పుస్తకములను దహించిన మైదానమే యది. వేర్వేఱు దేశములలో నిషేధమునకు గుఱియైన గ్రంథములను జనులే తెచ్చి యిచ్చిరి. వాన సోఁకకుండ వానిని ప్లాస్టిక్ తొడుగులలో నుంచి స్తంభములకుఁ గట్టిరి.

ఈ మందిరములు నేఁడు చూడఁబోయినఁ గానరావు. ప్రదర్శనము ముగిసినపిమ్మట రెండుచోట్లను గ్రంథములను విప్పి, చూడవచ్చినవారికిఁ బంచిపెట్టిరి. స్తంభమై నిలిచిన పుస్తకము చదువరి చేతికి వచ్చినది. కట్టుటకంటె నీ విప్పుటయే నాకు మిక్కిలి నచ్చినది.

మా పుట్టినింట పట్టుగుడ్డలోఁ జుట్టిన భారతసంపుటములు దేవునిగూట నుండెడివి. పండుగనాఁడు వానికిఁ బసుపుకుంకుమలు పెట్టుటయే కాని విప్పుట లేదు. మా నాయనగారు నాకుఁ జదువు చెప్పఁదొడఁగిన నాఁడు ఆ మూట విప్పిరి, మరల గట్టలేదు. పుస్తకము హస్తభూషణమని పెద్దలనిరి గాని పెట్టెభూషణ మనలేదు. మీ యింటను విప్పని మూట యున్నచో, ఈ సాయంకాలమే విప్పి మీ యాడుబిడ్డల చేతులలోఁ బెట్టుఁడు, మీరును జదువుఁడు.