డీజిలు కారులోని రెండవ తొట్టి

నారాయణగూడ చౌరస్తాలో ఎఱ్ఱదీపము వెలిగినపుడు నిలుచు డీజిలు కారులలో కొన్నిటికి రెండు తొట్లు గలవు. ఒకటి డీజిలునకు, రెండవది డెఫ్ అను ద్రవమునకు. యాడ్‌బ్లూ అనునది ఈ ద్రవమునకు గల వ్యాపారనామములలో నొకటి. దీని నేల పోయవలెను? ఎట్లు పోయవలెను? ఇంట కారు గలవారును, లేనివారును గూడ తెలిసికొనదగిన విషయమిది.

డీజిలు యంత్రములో గాలి మిక్కిలి నొత్తబడి తీవ్రమైన వేడి పుట్టును. ఆ వేడిమికి గాలిలోని నత్రజనియు ప్రాణవాయువును గూడి నత్రజని ఆక్సైడులగును. ఇవి ఊపిరితిత్తులకు హానికరములు. ఉబ్బసపు రోగులను మఱింత బాధించును. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన భారత్ స్టేజి 6 నిబంధనలు, డీజిలు కారు విడువదగిన యీ వాయువుల పరిమితిని కిలోమీటరునకు 250 మిల్లీగ్రాముల నుండి 80కి తగ్గించినవి.

అందులకే యీ రెండవ తొట్టి. డెఫ్ నూటికి 32.5 పాళ్లు యూరియా. తక్కినది లవణములు తొలగించిన శుద్ధజలము. ఇది ఇంధనము కాదు, యంత్రములోనికి పోదు. వేడి పొగగొట్టములో కొలది కొలదిగా చిమ్మబడి, అచట అమోనియాగా మాఱును. ఆ అమోనియా ఉత్ప్రేరకము సాయమున నత్రజని ఆక్సైడులను హానిలేని నత్రజనిగను, నీటియావిరిగను మార్చును. కొన్ని డీజిలు కారులు వేఱు పద్ధతి నవలంబించును. వానికీ తొట్టి యుండదు. కారుతో నిచ్చిన పుస్తకమును చూచి తెలిసికొనవలెను.

యూరియా యనగానే, ఎరువును కుళాయినీట కరిగించి పోసిన చాలదా యని కొందఱడుగుదురు. చాలదు. ఎరువునకు వేపనూనె పూత యుండును; కుళాయినీటిలో సున్నపు లవణములుండును. ఇవి చిమ్ముగొట్టమును పూడ్చి ఉత్ప్రేరకమును చెఱచును. అదియునుగాక, రైతునకై ప్రభుత్వము తక్కువ ధరకిచ్చు ఎరువు నిట్లు మరల్చుట చట్టవిరుద్ధము.

పోయు విధము: కారును సమతలమున నిలిపి యంత్రము నాపవలెను. ఐ.ఎస్.ఓ. 22241 అను గుర్తుగల, మూత విప్పని డబ్బాను కొని, దానిపై తేదీని చూడవలెను. నీలిమూత గల తొట్టిలోనే, ప్లాస్టిక్ గరాటుతో పోయవలెను. రాగి, ఇత్తడి పాత్రలు పనికిరావు. ఒలికినచో వెంటనే నీటితో కడుగవలెను. లేనిచో తెల్లని స్ఫటికములు కట్టును. పొరపాటున డీజిలు తొట్టిలో పోసినచో తాళము త్రిప్పక మెకానిక్కును పిలువవలెను. మిగిలిన ద్రవమును నీడపట్టున నుంచవలెను. మన వేసవి యెండకు త్వరగా చెడును.

ద్రవము తగ్గినపుడు కారు ముందుగానే హెచ్చరించును. దానిని లక్ష్యపెట్టక తొట్టి పూర్తిగా నెండనిచ్చి కారు నాపినచో మరల కదలదు. దీనిని తప్పించుకొనుటకై పరికరమునే మోసగించు ఉపాయములను కొందఱు వెదకుదురు. కాని అశోక్‌నగరు ఇఱుకువీథులలో పోటీపరీక్షలకు చదువుకొను యువకులును, చిక్కడపల్లి గ్రంథాలయమునకు నడచిపోవువారును ఆ కారు వెనుకనే యూపిరి పీల్చుచున్నారు. మిగిలిన కొలది రూపాయలు యజమానివి, నష్టము వారిది.

మఱియొక మాట. పొగగొట్టము తగినంత వేడెక్కనిదే యీ సాధనము చక్కగా పనిచేయదు. కావున చిక్కడపల్లి నుండి నారాయణగూడకు పోవలసిన కొద్దిదూరమునకు కారు తీయుటకంటె నడచుటయే మేలు.