దమ్ము ట్రాక్టరు వెనుక ఇరుసు: భాగాలను మార్చే సమయం

పెన్నా డెల్టాలోని ఇందుకూరుపేట, విడవలూరు వంటి మండలాల్లో దమ్ము చేసే ట్రాక్టరు వెనుక ఇరుసు గంటల తరబడి బురదనీటిలో తిరుగుతుంది. ఇనుప దమ్ము చక్రాలు అమర్చినపుడు ఇరుసు చివరి బేరింగుపై భారం పెరుగుతుంది. ఆయిల్ సీలు అరిగితే బురద లోపలికి చేరుతుంది. నీటిలో ఉప్పు ఉంటే తుప్పు మరింత త్వరగా పడుతుంది. అందువల్ల విడిభాగాల మార్పును ట్రాక్టరు వయసును బట్టి గాక, అరుగుదల లక్షణాలను బట్టి నిర్ణయించాలి.

చక్రం లోపలివైపు ఆయిల్ చెమ్మ మాత్రమే ఉంటే సీలు మార్చాలి. సీలు ఆనే చోట ఇరుసుపై గాడి పడితే కొత్త సీలు కూడా కారుతుంది. ఆయిల్ పాలవలె తెల్లబడితే నీరు చేరిందని గ్రహించి, ఆయిల్ మొత్తం మార్చి, బేరింగులను పరీక్షించాలి. జాకీపై లేపిన చక్రం లూజుగా ఊగితే ముందుగా బేరింగు బిగువును సరిచేయాలి. రోలర్లపై గుంటలు పడి ఉంటే ఆ సర్దుబాటు నిలవదు. రోలర్లను, వాటి బయటి రింగును కలిపి మార్చాలి. ఇరుసు మెలితిరిగినా, పగులు కనిపించినా వెల్డింగుతో నెట్టుకురాకూడదు. అది విరిగి చక్రం ఊడితే డ్రైవరు ప్రాణానికే ముప్పు.

ఈ తనిఖీని దమ్ము మొదలుకాక ముందే ముగించాలి. సీలుకయ్యే ఖర్చు స్వల్పం. అదను తప్పిన నాట్ల నష్టం రైతుకు తిరిగి రాదు.