120 బస్తీల్లోంచి 16 తీసేస్తే

చిన్న అప్పు పేదింటిని నిలబెడుతుందా? ఈ ప్రశ్నతో 2005లో హైదరాబాద్‌లో ఒక పరిశోధన మొదలైంది. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్, సింథియా కినన్ అనే నలుగురు ఆర్థికవేత్తలు చేశారు. అప్పులిచ్చింది స్పందన అనే సూక్ష్మరుణ సంస్థ. ముందు 120 బస్తీలు అనుకున్నారు, అందులో 16 తీసేశారు. మిగిలిన 104లో సగం, అంటే 52 బస్తీలను లాటరీతో ఎంచి అక్కడ సంస్థను దింపారు. తక్కిన 52 పోల్చి చూడడానికి.

లాటరీ దేనికంటే, అప్పు తీసుకున్న ఆమెనే పోయి ‘బాగుపడ్డావా’ అని అడిగితే వచ్చే జవాబుకు విలువ తక్కువ. చురుకైన మనిషే అప్పుకు ముందుకొస్తుంది. అప్పు లేకపోయినా ఆమె నాలుగు రాళ్ళు వెనకేసుకునేదేమో ఎవరికి తెలుసు? లాటరీ ఆ అనుమానాన్ని తీసేస్తుంది. ఇక్కడిదాకా పరిశోధకుల పక్షమే నాది.

సంస్థ దిగిన ఏడాదిన్నర లోపే దాదాపు 6,800 ఇళ్ళు తిరిగి అడిగారు. వ్యాపారం ముందే ఉన్నవాళ్ళు కొంత పెంచుకున్నారు. మన్నికైన సామాన్ల మీద ఖర్చు పెరిగింది. ఇంటి మొత్తం ఖర్చులో, పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ళ మాట చెల్లడంలో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. మందు, పొగాకు, జూదం, బయటి తిండి లాంటి ‘మనసు లాగే ఖర్చులు’ మాత్రం తగ్గాయి. మంచిదే. కానీ హైదరాబాద్ బస్తీలో ఒకాయన మానేసిన బీడీ కట్ట కోరుట్లలో బీడీలు చుట్టే ఒకామె కూలి. ఇంటింటి సర్వేలో ఆమె ఎక్కడా కనిపించదు.

ఇప్పుడు ఆ 16 బస్తీల సంగతి. వాటిని తీసేసింది అక్కడ వలస కూలీలు ఎక్కువని. ఒకేచోట కొన్నేళ్ళుగా ఉంటున్నవాళ్ళకే అప్పు ఇవ్వాలన్నది సంస్థ నియమం. అప్పు పుట్టని చోట అప్పు ఫలితాన్ని కొలవలేరు కదా, కాబట్టి తీసేయడం సరైనదే. ఆ నియమాన్ని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు తిప్పి చూడండి. మగవాళ్ళు దుబాయికో మస్కట్‌కో పోయే ప్రాంతం ఇది. సిరిసిల్ల నేత కుటుంబాలకు భీవండితో రాకపోకలు తరాల నాటివి. వలసే ఇక్కడి పేదరికం కథ. లెక్క తేటగా రావాలని మొదట పక్కన పెట్టింది దాన్నే.

అప్పు లెక్క కూడా చూద్దాం. మొదటి అప్పు 10,000 రూపాయలు, 50 వారాలు, మొత్తం అసలు మీద 12 శాతం వడ్డీ. 11,200ను 50తో భాగిస్తే వారానికి 224. రోజూ గల్లా నిండే కిరాణా కొట్టుకు ఇది నప్పుతుంది. కోరుట్లలో చాట ఒళ్ళో పెట్టుకుని, రేకు ముక్క కొలతగా తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టే ఆమెకు కూలి వెయ్యి బీడీల లెక్కన. వెయ్యి అంటే 25 చొప్పున 40 కట్టలు. ఆకు వచ్చిన రోజే పని. నెలలో సగం రోజులు ఆకు రాకపోయినా 224 మాత్రం వారం వారం కట్టాల్సిందే. ఆమెకు అప్పు ఎంత అన్నదానికంటే ఏ వారం కట్టాలన్నది పెద్ద ప్రశ్న.

కాలం సంగతి మరోటి. 2005లో మొదలైన పరిశోధన తొలి ఫలితాలు 2009లో బయటికొచ్చాయి, పత్రికలో అచ్చయింది 2015 జనవరిలో. అదే సంచికలో బోస్నియా, ఇథియోపియా, మెక్సికో, మంగోలియా, మొరాకో నుంచి ఇలాంటివే మరో ఐదు. అన్నిటి సారం దాదాపు ఒకటే: కొంత మేలు ఉంది, బతుకులు మారిపోలేదు. ఈ లోపు ఇక్కడ 2010 అక్టోబరు 15న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చింది, వసూళ్ళు ఆగిపోయాయి. అచ్చయ్యేసరికి ఆ వ్యాపారం ఈ నేల మీద కుప్పకూలి నాలుగేళ్ళు దాటింది.

ఆ కుప్పకూలడాన్నే ఎమిలీ బ్రెజా, సింథియా కినన్ పరిశోధనగా మలిచారు. 25 సంస్థల రుణ లెక్కలను జాతీయ నమూనా సర్వేతో కలిపి చూస్తే, అప్పులు తగ్గిన జిల్లాల్లో రోజుకూలి పడిపోయింది, ఇంటి ఖర్చూ తగ్గింది. అప్పు తీసుకోనివాడికీ దెబ్బ తగిలిందన్నమాట. 2021లో అచ్చయిన ఈ పని నాకు మొదటిదానికన్నా ఎక్కువ నచ్చుతుంది. బస్తీ గడప దాటి కూలి రేటు దాకా వెళ్ళింది. అయితే వాళ్ళు చూసింది ఆ దెబ్బకు అప్పులు తగ్గిన ఆంధ్రప్రదేశ్ బయటి జిల్లాలను. లోపల ఆర్డినెన్సు దెబ్బా, అప్పుల కరువూ కలగలిసి ఉంటాయి, విడదీయలేరు. కారణం మళ్ళీ సరైనదే, మనం మళ్ళీ లెక్క బయటే.

సిరిసిల్లకు వస్తే సర్వే ప్రశ్నావళే తడబడుతుంది. ‘మీ ఇంట్లో వ్యాపారం ఉందా?’ ఒక ఆసామికి ఎనిమిది సాంచాలు, అంటే మరమగ్గాలు, ఉన్నాయనుకోండి. షెడ్డు అతనిది, కరెంటు బిల్లు అతనిది. నూలు మాత్రం సేటుది, బట్టా సేటుదే. అతనికి దక్కేది మీటరుకు ఇన్ని పైసలు. ఇతను యజమానా, కూలీనా? సర్వేలో ‘వ్యాపారి’ అని టిక్కు పడుతుంది. పేదల్లో కొనుగోలుదార్లను చూడమన్నారు వ్యాపార నిర్వహణ నిపుణుడు సి.కె.ప్రహ్లాద్ 2004లో. కాదు, ఉత్పత్తిదార్లను చూడండని 2007లో అనీల్ కర్నాని ఎదురు వాదించారు. ఆసామి దగ్గర ఇద్దరి మాటా సగంలోనే ఆగుతుంది.

పాతిక వేలకు పైగా సాంచాలున్న ఈ ఊరికి 2017 నుంచి ప్రభుత్వ బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చింది. ఏటా కోటికి అటూ ఇటూ చీరలు, వందల కోట్ల ఖర్చు. 2023 తర్వాత ఆ ఆర్డరు ఆగింది. పేదరికం మీద ఇంత పెద్ద వ్యాపార ప్రయోగం తెలంగాణలో అరుదు. కానీ 52కు 52 పెట్టి పోల్చినట్టు దీన్ని పోల్చడానికి రెండో సిరిసిల్ల లేదు. పోల్చలేమని వదిలేస్తే, ఆ ఆర్డరు కూలీ చేతికి ఎన్ని నెలల పని ఇచ్చిందన్న మామూలు ప్రశ్నకూ జవాబు దొరకదు.

దానికి దారి లేకపోలేదు. బంగ్లాదేశ్, భారత్, దక్షిణాఫ్రికాల్లో సుమారు 250 కుటుంబాల జమాఖర్చులను పదిహేను రోజులకోసారి ఏడాది పాటు రాసిన పని 2009లో పుస్తకంగా వచ్చింది. లాటరీ లేదు, ఇళ్ళు తక్కువ, అయినా ఏ వారం చేతిలో ఎంత ఉందో తెలిసింది.

కోరుట్లలోనైతే ఆ రాతపని సగం ముందే జరిగి ఉంది. బీడీ చేసే ఆమె ఇంట్లో పాస్‌బుక్కు ఉంటుంది. ఏ రోజు ఎంత ఆకు ఇచ్చారు, ఎన్ని బీడీలు అప్పజెప్పింది అన్నీ తేదీలతో అందులో ఉంటాయి. అంచులు నలిగి, తంబాకు వాసనతో, రేకు డబ్బాలో బ్యాంకు కాగితాల కింద ఏళ్ళ తరబడి పడి ఉంటాయి ఆ పుస్తకాలు.