జంట టర్బోప్రాప్ విమానాలు (సొంత వినియోగం)

రెండు టర్బోప్రాప్ ఇంజనులతో నడిచే విమానాలను జంట టర్బోప్రాప్ విమానాలు అంటారు. జెట్ ఇంజనులో ఉండే గ్యాస్ టర్బైను వంటిదానితో ప్రొపెల్లరును తిప్పే ఇంజనును టర్బోప్రాప్ అంటారు. రాజమండ్రి, కడప వంటి ఊళ్ళకు తిరిగే ఏటీఆర్-72 ఈ రకానికి చెందినదే. అయితే అది సుమారు డెబ్బై మంది ప్రయాణించే పెద్ద విమానం. ఈ వ్యాసం ఆరు నుండి పది మంది కూర్చునే చిన్న విమానాలకు సంబంధించినది. పిస్టన్ ఇంజనుల విమానాన్ని స్వయంగా నడుపుకొనే సొంతదారు టర్బోప్రాప్‌కు మారదలచినపుడు వీటిని ఏయే విషయాలలో పోల్చి చూడాలో ఇందులో వివరించబడింది. ఇటువంటి సొంతదారులు ఎక్కువమంది అమెరికాలో ఉన్నారు, ఈ విమానాలలో అధికభాగం తయారైనదీ అక్కడే. అందువలన ఇందులోని వివరాలు చాలావరకు ఆ దేశానికి చెందినవి.

పిస్టన్ నుండి టర్బైనుకు

బీచ్‌క్రాఫ్ట్ బారన్, సెస్నా 421 వంటివి రెండు పిస్టన్ ఇంజనులు గల విమానాలు. పిస్టన్ ఇంజనులో సిలిండర్లు, వాల్వులు, క్రాంక్‌షాఫ్టు వంటి కదిలే భాగాలు చాలా ఎక్కువ. ఈ తరగతికి చెందిన పెద్ద పిస్టన్ ఇంజనులను 1,600 నుండి 2,000 గంటలకు ఒకసారి పూర్తిగా విప్పి బాగుచేయవలసి ఉంటుంది. దీనినే ఓవర్‌హాల్ అంటారు. టర్బైను ఇంజనుకు ఈ గడువు 3,000 గంటలకు పైగా ఉంటుంది. టర్బోప్రాప్ విమానాలు 25 వేల అడుగులు, అంతకు మించిన ఎత్తులో ప్రయాణించగలవు, కనుక చాలా మబ్బులు కిందనే ఉండిపోతాయి. ఇంధనం విషయంలో కూడా తేడా ఉంది. పిస్టన్ విమానాలకు కావలసిన అవ్‌గ్యాస్ అన్ని చోట్లా దొరకదు. టర్బైను వాడే జెట్ ఇంధనం (కిరోసిన్ రకం) పెద్ద విమానాలు దిగే ప్రతిచోటా ఉంటుంది.

అయితే టర్బైను తక్కువ ఎత్తులో చాలా ఎక్కువ ఇంధనం తాగుతుంది. పైకి ఎక్కి కొంతసేపు ప్రయాణిస్తేనే దాని ప్రయోజనం కనబడుతుంది. ఎక్కువగా అరగంట ప్రయాణాలు చేసేవారికి ఈ మార్పు వలన ఒరిగేది తక్కువ.

రెండు రకాల ఇంజనులు

ఈ విమానాలలో దాదాపు అన్నింటికీ రెండు ఇంజనుల కుటుంబాలలో ఏదో ఒకటి అమర్చబడి ఉంటుంది. పోలిక మొదలు పెట్టవలసింది ఇక్కడినుండే.

మొదటిది కెనడాకు చెందిన ప్రాట్ అండ్ విట్నీ కెనడా సంస్థ తయారుచేసే పీటీ6. ఇది 1960లో మొదటిసారి నడిచింది. దీనిలో గాలిని నొక్కి మండించే భాగం వేరు, ప్రొపెల్లరును తిప్పే టర్బైను వేరు. ఈ రెండింటి మధ్య ఇరుసు సంబంధం లేదు, వేడి గాలి ఒక్కటే ఉంటుంది. ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యాన్లలో ఒకదానికి కరెంటు ఇస్తే ఆ గాలికి రెండవదాని రెక్కలు కూడా తిరుగుతాయి కదా, ఇదీ అటువంటిదే. అందువలన ఇంజను మొదలు పెట్టేటపుడు స్టార్టరు మోయవలసిన బరువు తక్కువ, నేలమీద శబ్దమూ తక్కువ. ఇంజనును రెక్క మీదనే ఉంచి రెండుగా విడదీసి, మంటకు గురయ్యే లోపలి భాగాలను పరీక్షించవచ్చు.

రెండవది అమెరికాలో గారెట్ సంస్థ రూపొందించిన టీపీఈ331. తరువాత ఇది హనీవెల్ సంస్థకు చెందినది. దీనిలో అంతా ఒకే ఇరుసు. కంప్రెసరు, టర్బైను, గేర్ల ద్వారా ప్రొపెల్లరు అన్నీ కలిసే తిరుగుతాయి. కనుక లివరు తోసిన వెంటనే శక్తి అందుతుంది, అదే పనికి ఇంధనం కూడా పీటీ6 కంటె తక్కువ ఖర్చవుతుంది. నేలమీద మాత్రం దీని శబ్దం చెవులు దిమ్మెక్కించేలా ఉంటుంది. ఆపిన తరువాత ఇరుసు వేడికి వంగకుండా ఉండేందుకు పైలట్లు ప్రొపెల్లరును కొద్దిసేపు చేత్తో తిప్పడం కూడా కనిపిస్తుంది. కాన్పూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ తయారుచేసే డోర్నియర్ 228 విమానానికి ఉన్నది ఈ కుటుంబపు ఇంజనే.

ఏ రకమైనా, మొదలు పెట్టేటపుడు లోపలి వేడి మీద కన్ను వేసి ఉంచాలి. బ్యాటరీ బలహీనంగా ఉన్నపుడు ఇంధనం వదిలితే కొద్ది క్షణాలలోనే వేడి హద్దు మీరి టర్బైను రెక్కలు పాడవుతాయి. పిస్టన్ విమానంలో ఇటువంటి పొరపాటుకు బహుశా ఒక సిలిండరు మూల్యం అవుతుంది, ఇక్కడ ఇంజను ధరలో పెద్ద భాగమే పోవచ్చు.

ముఖ్యమైన నమూనాలు

బీచ్‌క్రాఫ్ట్ కింగ్ ఎయిర్: ఈ తరగతికి కొలబద్దగా చెప్పుకొనేది ఇదే. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో విచిటా నగరంలో తయారైంది. మొదటి నమూనా 1964 జనవరిలో ఎగిరింది. 90 శ్రేణి చిన్నది, 200 శ్రేణి పెద్దది. సీ90 విమానానికి 550 అశ్వశక్తి గల రెండు పీటీ6 ఇంజనులు ఉంటాయి, వేగం గంటకు సుమారు 450 కి.మీ. ఇది తోటి విమానాల కంటె నెమ్మది. అయినా నడపడం సులువు, క్యాబిను విశాలం, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి, మరమ్మతు తెలిసిన మెకానిక్కులూ ఉంటారు. అందుకే దీని ధర మిగిలినవాటి కంటె ఎక్కువగా నిలబడింది.

పైపర్ చెయెన్: పైపర్ నవాహో అనే పిస్టన్ విమానం నుండి పుట్టింది. అమ్మకాలు 1974లో మొదలయ్యాయి. ఎక్కువ నమూనాలకు పీటీ6 ఇంజనులే. క్యాబిను ఇరుకు, ధర తక్కువ.

సెస్నా కాంక్వెస్ట్: ఈ పేరుతో రెండు వేరు వేరు విమానాలు ఉన్నాయి, కొనేవారు పొరబడకూడదు. కాంక్వెస్ట్ 1 (నమూనా 425)కు 450 అశ్వశక్తి పీటీ6 ఇంజనులు, కాంక్వెస్ట్ 2 (నమూనా 441)కు టీపీఈ331 ఇంజనులు. రెండవది 35 వేల అడుగుల వరకు ఎక్కగలదు, గంటకు 540 కి.మీ. వరకు పోగలదు. రెండింటి తయారీ 1986తో ఆగిపోయింది.

టర్బో కమాండర్: రెక్క క్యాబిను పైన ఉంటుంది, తలుపు నేలకు దగ్గరగా ఉంటుంది. 690, 840, 1000 వంటి నమూనాలన్నింటికీ టీపీఈ331 ఇంజనులే.

మిత్సుబిషి ఎంయూ-2: జపాన్‌లో 1963లో మొదటిసారి ఎగిరింది. 1986 వరకు సుమారు 700 తయారయ్యాయి. రెక్క చాలా చిన్నది. ఆ రెక్క వెనుక అంచు అంతా ఫ్లాపులే కావడంతో ఎయిలెరాన్లకు చోటు లేదు. ఒరగడానికి రెక్క పైభాగంలో లేచే స్పాయిలర్లను వాడతారు. పెట్టిన డబ్బుకు ఇంత వేగం ఇచ్చే విమానం ఈ తరగతిలో మరొకటి లేదు. సీ90 తాగేటంత ఇంధనంతోనే దానికంటె గంటకు వంద కిలోమీటర్లు వేగంగా పోతుంది. అయినా చవక. కారణం కింద చూడండి.

పియాజియో అవంతి: ఇటలీకి చెందినది, 1986లో ఎగిరింది. ప్రొపెల్లర్లు రెక్క వెనుక ఉండి విమానాన్ని ముందుకు తోస్తాయి. వేగం గంటకు 700 కి.మీ. మించి ఉంటుంది, అనగా చిన్న జెట్ విమానాలతో సమానం. బెంగుళూరులోని జాతీయ వైమానికాంతరిక్ష ప్రయోగశాల రూపొందించగా 2004లో ఎగిరిన సరస్ కూడా ఇలా వెనుకనుండి తోసే అమరికతోనే వచ్చింది.

వేగంలోని తేడా కాగితం మీద కనిపించినంత పెద్దది కాదు. హైదరాబాదు నుండి తిరుపతికి గగనమార్గాన సుమారు 420 కి.మీ. అంతా పూర్తి వేగంతోనే పోయినా కింగ్ ఎయిర్ సీ90కి 56 నిమిషాలు, కాంక్వెస్ట్ 2కి 47 నిమిషాలు పడుతుంది. ఢిల్లీ వంటి దూర ప్రయాణాలలో ఈ తేడా అరగంట దాకా పెరుగుతుంది.

ఖర్చు

పాత జంట టర్బోప్రాప్ విమానం ఒక్కోసారి కొత్త పిస్టన్ విమానం కంటె చవకగా దొరుకుతుంది. మోసపోయేది ఇక్కడే. సీ90లోని పీటీ6ఏ-21 ఇంజనుకు ఓవర్‌హాల్ గడువు 3,600 గంటలు, మధ్యలో 1,800 గంటలకు వేడి భాగాల తనిఖీ. టీపీఈ331-10 రకానికి ఈ గడువు 5,000 గంటలు. అందువలననే పాత కాంక్వెస్ట్ 2, కమాండర్ విమానాలను చాలామంది -10 రకపు ఇంజనులకు మార్పించుకున్నారు. ఒక్కొక్క ఓవర్‌హాలుకు లక్షల డాలర్లు అవుతాయి. గడువు దగ్గరపడిన రెండు ఇంజనులున్న చెయెన్ విషయంలో ఆ మొత్తం విమానం ధరనే మించిపోవచ్చు. కనుక ధరను అడిగే ముందు ఒక్కొక్క ఇంజనులో ఎన్ని గంటలు మిగిలి ఉన్నాయో అడగాలి.

విమానం తిరిగినా తిరగకపోయినా వచ్చే ఖర్చులు వేరే ఉన్నాయి. అమెరికా నిబంధనల ప్రకారం జంట టర్బోప్రాప్ విమానానికి మామూలు వార్షిక తనిఖీ సరిపోదు, ఆమోదం పొందిన తనిఖీ పట్టికను అనుసరించాలి. కింగ్ ఎయిర్‌కు ప్రతి 200 గంటలకు ఒక దశ చొప్పున నాలుగు దశలు. ఎంత తక్కువ తిరిగినా ఈ నాలుగూ 24 నెలలలో పూర్తి కావాలి. ఏడాదికి ఎనభై గంటలు మాత్రమే ఎగిరే సొంతదారుకు గంట ఒక్కింటికి పడే ఖర్చు ఇందువలననే విపరీతంగా పెరుగుతుంది. కొనుగోలుకు ముందు స్వతంత్ర మెకానిక్కుతో చేయించే పరీక్షకు వెనుకాడడం ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్లే.

ఒక ఇంజను ఆగినపుడు

రెండు ఇంజనులు ఉంటే భద్రత రెట్టింపు అని అనుకోవడం సహజం. కాని ఒక ఇంజను ఆగితే రెండవది విమానాన్ని పక్కకు తిప్పివేస్తుంది. ఆగిన ప్రొపెల్లరు రెక్కలు గాలికి అడ్డుపడితే ఈ తిప్పు ఇంకా ఎక్కువవుతుంది. అందువలన ఆ రెక్కలను గాలి దిశకు సమాంతరంగా మళ్ళించాలి. దీనిని ఫెదరింగ్ అంటారు. పీటీ6 విమానాలలో చాలావాటికి ఇది తానంతట తాను జరిగే ఏర్పాటు ఉంటుంది. టీపీఈ331లో ఆగిన ప్రొపెల్లరు ఇంజనును వెనుకనుండి తిప్పబోతే దాని అడ్డును తగ్గించే ఏర్పాటు మాత్రమే ఉంటుంది, పూర్తి ఫెదరింగ్ పైలటు చేయాలి. గాలిలోకి లేచిన మొదటి నిమిషంలో ఇది జరిగితే ఆలోచించుకునే వ్యవధి ఉండదు. వేగం ఒక హద్దుకు తగ్గితే చుక్కానికి విమానాన్ని నిలబెట్టే బలం చాలదు, విమానం తిరగబడుతుంది.

ఎంయూ-2 చరిత్ర ఈ విషయాన్ని బాగా తెలుపుతుంది. ఎయిలెరాన్లు లేని ఈ విమానాన్ని పిస్టన్ విమానం అలవాటుతో నడపబోయి చాలామంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. విమానాన్ని నిషేధించాలన్న ఒత్తిడి కూడా వచ్చింది. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్.ఎ.ఎ. 2005లో సమీక్ష మొదలుపెట్టి, 2008లో ఈ ఒక్క విమానానికే ప్రత్యేక నిబంధన జారీచేసింది. నిర్ణీత పాఠక్రమంలో శిక్షణ, ఏటేటా పునశ్చరణ, అందరికీ ఒకే తనిఖీ జాబితా తప్పనిసరి అయ్యాయి. తరువాత ప్రమాదాలు బాగా తగ్గిపోయాయి. విమానం మాత్రం మారలేదు.

మిగిలిన విమానాలకు అటువంటి నిబంధన లేదు. గరిష్ఠ బరువు 5,670 కిలోలకు మించని జంట టర్బోప్రాప్ విమానానికి అమెరికాలో ఆ విమానం పేరిట ప్రత్యేక రేటింగ్ కూడా సాధారణంగా అవసరం లేదు. ఆచరణలో ఆ పని బీమా సంస్థలు చేస్తున్నాయి. ఏటా సిమ్యులేటరు శిక్షణ పూర్తిచేయనివారికి బీమా దొరకడం కష్టం.

ఒంటి ఇంజను పోటీ

1990ల నుండి స్విట్జర్లాండుకు చెందిన పిలాటస్ పీసీ-12, ఫ్రాన్సుకు చెందిన టీబీఎం వంటి ఒకే పీటీ6 ఇంజను గల విమానాలు ఈ సొంతదారులలో చాలామందిని ఆకర్షించాయి. ఓవర్‌హాల్ ఒక్క ఇంజనుకే చేయించాలి, ఒక ఇంజను ఆగితే పక్కకు తిరిగే సమస్య అసలే లేదు. కాని రాత్రివేళ కొండల మీదుగా, సముద్రం మీదుగా ఎగరవలసినవారికి రెండవ ఇంజను విలువ ఏమాత్రం తగ్గలేదు. కింగ్ ఎయిర్ 90 శ్రేణిలో చివరిదైన సీ90జీటీఎక్స్ తయారీని 2021లో నిలిపివేశారు. ఆ శ్రేణిని కోరుకునేవారికి ఇక వాడిన విమానమే గతి.