పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. ఎందుకు?

చొక్కా మీద పడ్డ పప్పు మరకకు సబ్బు రుద్ది చూడండి. పసుపు మరక కాస్తా ఎర్రగా మారుతుంది!

పసుపుకు రంగునిచ్చేది కుర్కుమిన్ అనే పదార్థం. సబ్బు, సున్నం వంటి క్షారాలు కుర్కుమిన్ అణువు నుంచి హైడ్రోజన్ అయాన్‌ను లాగేసుకుంటాయి. దాంతో అణువులో ఎలక్ట్రాన్ల అమరిక మారి, అది పీల్చుకునే కాంతీ మారుతుంది. అందుకే మన కంటికి ఎరుపు కనిపిస్తుంది. ఆమ్ల, క్షార స్థాయిని చెప్పే పీహెచ్ విలువ సుమారు 7.4 దాటాక ఈ మార్పు మొదలవుతుంది. నిమ్మరసం పిండితే అయాన్ తిరిగి చేరి, మళ్లీ పసుపు రంగు వచ్చేస్తుంది. ఇలా రంగు మార్చుకుని ఆమ్లమో క్షారమో చెప్పే పదార్థాలే సూచికలు.

పెళ్లిలో కాళ్లకు పెట్టే పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్లు పసుపు, సున్నం కలిపి చేసేవే. చేపలు, మాంసం పాడైతే అమ్మోనియా వంటి క్షార వాయువులు వెలువడతాయి. వాటిని పసిగట్టి రంగు మారే కుర్కుమిన్ పొరలను ఆహార ప్యాకెట్ల కోసం శాస్త్రవేత్తలు రూపొందిస్తున్నారు.

మీరూ చేయొచ్చు: పసుపు నీళ్లలో తెల్ల కాగితం ముంచి ఆరబెట్టండి. ముక్కలుగా కత్తిరించి సబ్బునీళ్లు, వంటసోడా నీళ్లు, మజ్జిగ, చింతపండు రసం ఒక్కొక్క చుక్క వేయండి. ఏది ఎర్రబడిందో రాసుకోండి.